మణిమాల నిద్రపోదు

3వ రోజు

మేట్రనమ్మ గారూ, ఈ దినచర్య పుస్తకాన్ని ప్రతి శనివారం మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. కొత్తగా చేరిన నర్సులు ఏమీ దాచకుండా రాయాలని మీరే అన్నారు కాబట్టి, చదివాక నన్ను ఏమీ అనకూడదు.

ఈ రోజు ఐదో మంచం మాస్టారు నన్ను వార్డులోంచి వెళ్లగొట్టారు. వేదాద్రి మాస్టారంటే ఆరో గుమ్మటంలో తెలియనివాళ్లు లేరట. నలభై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పారు. వాళ్ల తాతగారు భూమి నుంచి అంగారకుడి మీదికి తొలి ఓడలో వచ్చారు. ఈ సంగతి నాకెలా తెలుసంటే, నాడి చూద్దామని నేను స్టూలు లాక్కునేలోపే రెండుసార్లు చెప్పారు. ఆయన మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. కొత్తది కింది గదిలో గాజు తొట్టెలో పెరుగుతోంది, కోతకు రావడానికి మూడు నెలలు పడుతుంది. అందాకా రోజు విడిచి రోజు ఆయన్ని రక్తం కడిగే యంత్రానికి తగిలించాలి.

నా వేళ్లు మణికట్టు మీద పడగానే ఆయన చెయ్యి లాగేసుకున్నారు. నీలివాళ్లను ఈ వార్డులోకి ఎవరు రానిచ్చారని గోడనడిగారు. నేను ముట్టుకున్న చోట తడిగుడ్డతో తుడుచుకుని, రంగేమైనా అంటిందేమోనని ఆ గుడ్డను దీపం కింద పెట్టి చూసుకున్నారు. తర్వాత మార్పిడి గంట నొక్కారు. రోగి ఆ గంట నొక్కితే మారుమాట లేకుండా పక్కకు తప్పుకుని ఇంకొకరిని పంపాలన్నది ఇక్కడి పద్ధతి. నేను తప్పుకున్నాను, మీరొచ్చారు.

నా రంగు ఎవరికీ అంటదు. గనిలో మేం తాగే నీళ్లలో క్రిములు చావడానికి వెండి కలుపుతారు. అది ఒంట్లో చేరి, పదేళ్లు వచ్చేసరికి చర్మం నీలంగా తేలుతుంది. కడిగితే పోదు. చిన్నప్పుడు ఇటుక ముక్కతో రుద్ది చూశాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

మాస్టారి మంచానికి పైన గోడ మీద కృష్ణుడి పటం ఉంది. మంచి ముదురు నీలం. పొద్దున లేవగానే ఆ పటాన్ని తీసి కళ్లకద్దుకుంటారు. ఆ స్వామి ఏ గనిలో పుట్టాడండీ అని అడగబోయాను. ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

4వ రోజు

మా విశ్రాంతి గదిలో ఒక పలక వేలాడుతోంది. మీరెప్పుడూ ఆ గదిలోకి రారు కాబట్టి దాని సంగతి చెబుతాను. ఆ రోజు రోగుల నోట పడ్డ తిట్లలో బాగున్నదాన్ని ఎవరికి వాళ్లు దాని మీద రాస్తారు. పాత తిట్టు చెల్లదు. అమ్మానాన్నల మీద పడ్డ తిట్టు చెల్లదు, అవి ఎవరైనా తిట్టగలరు. మధ్యాహ్నం అందరూ చేతులెత్తి గెలిచినవాళ్లను తేలుస్తారు. గెలిచినవాళ్లకు డబ్బాలో పైన ఉండే రెండు వేడి ఇడ్లీలు.

ఇందులో గంగరాజుదే పైచెయ్యి. రాత్రి నర్సు గంగరాజు మా గనివాడే. భారీ మనిషి, మీసం కూడా భారీయే, అతని ఉద్యోగం ఎప్పుడో ఖాయమైంది. ఒకావిడ అతన్ని చూసి, నీ ముఖం చూడగానే మా వాడికి జ్వరం పెరిగింది, కావాలంటే కొలుచుకో అందట. కొలిచాడట. తగ్గిందట. ఆ వారం ఇడ్లీలన్నీ అతనికే పోయాయి.

ఈ రోజు నేను దీపం కింద గుడ్డ సంగతి రాశాను. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను, గెలిచాను. మొదటి ఇడ్లీ తిన్నాను. రెండోది డబ్బాలోనే పెట్టేశాను. అవమానం అవమానమే, పలక మీద రాసినా అంతే.

నాకు ఈ ఉద్యోగం ఎందుకు కావాలో కూడా రాసి పెడతాను. తొంభయ్యో రోజుకల్లా కనీసం ఐదుగురు రోగులు మెచ్చుకోలు పుస్తకంలో సూరీడమ్మ అని నా పేరు స్వహస్తాలతో రాయాలి. రాస్తే ఉద్యోగం ఖాయం, యంత్రం నడిపే చీటీ చేతికొస్తుంది. రాయకపోతే వచ్చిన లిఫ్టులోనే కిందికి. మా గనిలో రక్తం కడిగే యంత్రం లేదు. చీటీ ఉన్న నర్సు కిందికొచ్చి ఉంటేనే ఇస్తారట, గంగరాజు పైనే స్థిరపడిపోయాడు. మా అమ్మకు ఆ యంత్రం కావాల్సి వచ్చినప్పుడు పైకి వెళ్లే లిఫ్టు కోసం పదకొండు రోజులు వరసలో కూర్చోబెట్టారు. పన్నెండో రోజున ఆమె లేదు. అందుకని చీటీ తీసుకునే కిందికి వెళ్తాను, ఊరికే వెళ్లను.

19వ రోజు

ఇవాళ సూపరింటెండెంటు గారు అందరినీ పిలిచి మెడపట్టీలు పంచారు. గుమ్మటంలో పుట్టినవాళ్లందరికీ దుమ్ము పడకుండా కళ్లలో సన్నటి పొర, చెవిలో పూస ఉంటాయి కదా. ఈ పట్టీ పెట్టుకుంటే, రోగి కంటిపొర మీద మా ముఖానికి బదులు అతనికి నచ్చిన ముఖం, చెవిలో నచ్చిన గొంతు వస్తాయట. దాని పేరు ఇష్టరూపం. ఇక మీ మీద ఒక్క మాట కూడా పడదని, రోగికీ మీకూ ఇద్దరికీ మనశ్శాంతని ఆయన చాలా సంబరపడ్డారు.

పట్టీ మాకెందుకు, ఏదైనా కట్టాల్సి వస్తే రోగుల నోటికే కట్టొచ్చు కదా అని గంగరాజు అడిగాడు. సూపరింటెండెంటు గారు జోకు అనుకుని నవ్వారు. గంగరాజు నవ్వలేదు.

వార్డులో పట్టీ ఆపినవాళ్లకు ఆ రోజుతో ఉద్యోగం పోతుందని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. రోగులకు మాత్రం ఒక ఫారం ఇచ్చి, మీకు ఎటువంటి నర్సు కావాలో గడుల్లో గుర్తు పెట్టండి అన్నారు, ఎందుకో చెప్పలేదు. పదకొండు మందిలో తొమ్మిది మంది అవే గడులు నింపారు. యువతి, పచ్చని ఛాయ, పెద్ద జడ, తొలి ఓడవాళ్ల ఇంటి పిల్ల, మెత్తటి మాట. దాంతో తొమ్మిది మంచాలకూ ఒకే అమ్మాయి తయారైంది. ఒక మంచానికి ఒక రూపమే వస్తుంది కాబట్టి పగలు నేను, రాత్రి గంగరాజు, ఇద్దరమూ ఆ అమ్మాయే. రూపాలు తయారుచేసే యంత్రమే ఆమెకు మణిమాల అని పేరు కూడా పెట్టింది.

బల్ల మీది తెరలో మణిమాలను చూశాం. ముక్కు కాస్త కోలగా, చాలా అందంగా ఉంది. గంగరాజు తన మీసం తడుముకుని, "ఏటే సూరీ, ఇంత ఒళ్లు పెట్టుకుని నాను ఆ పిల్లలోకి ఎలాగ దూరీది?" అన్నాడు.

24వ రోజు

మాస్టారు వేరే మనిషైపోయారు. వార్డులోకి అడుగు పెట్టగానే రా తల్లీ అంటారు. నా చెయ్యి పట్టుకునే మంచం దిగుతారు. సూది పెట్టేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండటానికి నాకు లెక్క ఒకటి ఇస్తారు. రైళ్లు, తొట్టెలు, గొట్టాలు, మామిడిపళ్లు. ఇక్కడ మామిడిపండు ఎవరూ చూడలేదు, లెక్కల్లోనే ఉంటుంది.

నాకు లెక్కలంటే ప్రాణం. గనిలో బళ్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లెక్క కట్టేది మా నాన్నే, ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇవాళ మాస్టారు ఇచ్చినదానికి సూది బయటికి తీసేలోపు జవాబు చెప్పాను. ఆయన ఎంత మురిసిపోయారంటే పక్క మంచం వాళ్లను లేపి మరీ చెప్పారు. తొలి ఓడ రక్తం ఎక్కడికి పోతుంది అన్నారు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత మందుల గదిలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. సిగ్గు విడిచి రాస్తున్నాను మేట్రనమ్మ గారూ, ఆ మెప్పు నాకు నచ్చింది. నాది కాదని తెలిసినా నచ్చింది. అది నచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

41వ రోజు

ఈ నెల ఉత్తమ నర్సుగా మణిమాలను ఎంపిక చేశారు. మెచ్చుకోలు పుస్తకంలో ఆమె పేరు ముప్ఫై ఒక్కసార్లు ఉంది. నా పేరు ఒక్కసారి కూడా లేదు.

సూపరింటెండెంటు గారు వేదిక మీద పేరు పిలిచారు. గంగరాజూ నేనూ ఒకేసారి లేచాం. ఇద్దరమూ కూర్చున్నాం. నువ్వెళ్లు అంటే నువ్వెళ్లు అనుకుని మళ్లీ ఒకేసారి లేచాం. చివరికి ప్రశంసాపత్రాన్ని గోడకు మేకు కొట్టి తగిలించారు, శాలువా దానికే కప్పారు. చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత మిమ్మల్ని అడిగాను. ఆ ముప్ఫై ఒకటిలో పగటివి నావి కదా, లెక్కలోకి రావా అని. మీరు కిటికీలోంచి చూస్తూ, నిబంధనల్లో దానికి గడి లేదమ్మా అన్నారు. మీకూ బాధగానే ఉన్నట్టుంది, అందుకే ఇంకేం అనలేదు. ఇంకా నలభై తొమ్మిది రోజులున్నాయి.

58వ రోజు

మాస్టారు ఏదో నోటుపుస్తకంలో గుట్టుగా రాసుకుంటున్నారు. దుప్పటి సర్దుతుంటే ఇవాళ కంటబడింది. మణిమాల వార్డులో కనిపించిన ప్రతి వేళనూ రాసుకున్నారు. పొద్దున ఎనిమిది, మణిమాల. మధ్యాహ్నం మణిమాల. సాయంత్రం మణిమాల. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా మణిమాల. తెల్లారి మళ్లీ మణిమాల. వారం రోజుల పట్టిక గీసి కింద కూడిక వేశారు.

పక్కనే ఇంకో వరస ఉంది, ఆమె చెప్పిన జవాబులు. పగటివన్నీ ఒప్పులు. రాత్రివన్నీ తప్పులు. గంగరాజు ఒకసారి సగంలో సగం అంటే రెట్టింపు అన్నాడట. చివర గుర్తులు కూడా రాశారు. రాత్రిపూట పిల్ల చెయ్యి బరువెక్కుతోంది. కుర్చీలో కూర్చున్న మరుక్షణం గురక. అంతకంతకూ బుద్ధి మందగిస్తోంది.

నాకు నవ్వు ఆగక దుప్పట్లో ముఖం దాచుకోవాల్సి వచ్చింది. మాస్టారు అది కూడా తప్పుగానే అర్థం చేసుకున్నారు. నా భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాననుకున్నారు.

"కూర్చో తల్లీ," అన్నారు మెల్లగా. "పది నిమిషాలు కళ్లు మూసుకో. ఎవరైనా వస్తే నేను చెబుతాలే."

కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. ఈ ఆసుపత్రిలో చేరాక రోగులెవరూ నన్ను కూర్చోమనలేదు. ఆ పది నిమిషాలూ నన్నే కూర్చోమన్నారని అనుకున్నాను.

66వ రోజు

మాస్టారు సూపరింటెండెంటు గారికి నాలుగు పేజీల ఫిర్యాదు రాశారు. మణిమాల అనే నర్సు చేత ఏడు వారాలుగా రోజుకు ఇరవై నాలుగు గంటలూ పని చేయిస్తున్నారని, బానిసలను కూడా రాత్రి పడుకోనిచ్చేవాళ్లని, పట్టిక జతపరుస్తున్నానని. చూసుకుంటాం మాస్టారూ అని సూపరింటెండెంటు గారు మంచం దగ్గరికొచ్చి నవ్వారు. ఆ నవ్వును కూడా మాస్టారు పట్టికలో వేళతో సహా రాసుకున్నారు.

70వ రోజు

మాస్టారు యంత్రానికి చెయ్యి ఇవ్వనన్నారు. మణిమాలకు వారం రోజులు సెలవిచ్చి, ఆమె నిద్రపోయిందని రుజువు చూపిస్తేనే ఇస్తారట. ఆ పిల్ల ప్రాణం తీసి నా ప్రాణం నిలబెట్టక్కర్లేదు అన్నారు. రోగి ఒప్పుకోకుండా యంత్రం తగిలించకూడదు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

నిన్నటి దాకా ఇది మాకు వేళాకోళం. పలక మీద కూడా రాసుకున్నాం. ఈ రోజు ఎవరూ పలక జోలికి పోలేదు. ఆయన పాదాలు అప్పుడే కాస్త ఉబ్బాయి.

71వ రోజు

సూపరింటెండెంటు గారు మణిమాలకు సెలవు ఇచ్చేశారు, అంటే కాగితం మీద. ఐదో మంచానికి రూపం మార్చారు. కొత్త అమ్మాయి పేరు కాదంబరి. పగలు నేనే కాదంబరి, రాత్రికి గంగరాజు కాదంబరి. సగంలో సగం జోలికి మాత్రం పోవద్దని అతనికి చెప్పి వెళ్లాను.

మాస్టారు కాదంబరిని ఎగాదిగా చూసి, చెయ్యి ఇచ్చేముందు ఒక రోజు చూస్తానన్నారు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పారు.

72వ రోజు

పొద్దున నేను వెళ్లేసరికి కాదంబరి పేజీ కూడా నిండిపోయింది. ఈ అమ్మాయి చేత కూడా ఇరవై నాలుగు గంటలూ చేయిస్తున్నారా అని మాస్టారు మండిపడ్డారు. మండిపడటానికి కూడా ఊపిరి చాల్లేదు, మాటకు మాటకూ మధ్య ఆగారు. యంత్రం తగిలించి నాలుగు రోజులైంది. కాళ్లు మోకాళ్ల దాకా వాచాయి. సాయంత్రం లోపు రక్తం కడగకపోతే గుండె ఆగుతుందని డాక్టరు గారు చెప్పారు. తొట్టెలో మూత్రపిండం కోతకు రావడానికి ఇంకా పదహారు రోజులుంది.

సూపరింటెండెంటు గారు నన్ను పక్కకు పిలిచారు. మణిమాల రూపం మళ్లీ పెట్టిస్తానని, వెళ్లి ఒళ్లు తెలియకుండా నిద్రపోయి వచ్చానని చెప్పమని అన్నారు. నిజం చెప్పేస్తే పోదా అన్నాను. సంతకం పెట్టిన కాగితం గుర్తుందా అన్నారు. గుర్తుంది. మా గనికి రావాల్సిన యంత్రం కూడా గుర్తుంది.

మణిమాలగా వెళ్లి చెప్పాను. హాయిగా నిద్రపోయాను మాస్టారూ అన్నాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు.

"పౌడరు రాసి పంపారు నిన్ను," అన్నారు. "నేను పోతే పోతాను తల్లీ. లెక్క తప్పితే తప్పని ఒప్పుకోమని నలభై ఏళ్లు పిల్లలకు చెప్పాను. ఈ లెక్క ఎక్కడో తప్పింది. అది తేలేదాకా చెయ్యి ఇవ్వను."

మొండి ముసలాయన. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత ఇష్టమూ కలిగింది. లేని మనిషి కోసం ప్రాణం ఇస్తానంటున్నాడు, ఉన్న మనిషిని మాత్రం గుడ్డతో తుడిచేశాడు. మా అమ్మ వరసలో కూర్చుని చచ్చిపోయింది. ఈయన మంచం మీద పడుకుని, యంత్రం పక్కనే పెట్టుకుని చచ్చిపోతానంటే నేను చూస్తూ ఊరుకోలేను.

పట్టీ ఆపేశాను.

ఆయన మొదట మణిమాల కోసం నా వెనక వెతికారు. తర్వాత చెయ్యి మార్పిడి గంట మీదికి పోయింది.

"మణిమాల లేదు మాస్టారండీ," అన్నాను నా గొంతుతో. "ఎప్పుడూ లేదు. పగలు వచ్చీదాన్ని నానేనండి. రాత్రులు ఇంకొకలు. ఇద్దరికీ ఒకే ముకం అంటించారు, అందుకే మీ లెక్క తేల్లేదు."

గంట మీద వేలు అలాగే ఉంది, నొక్కలేదు. నాలుగు రోజుల కిందట ఇచ్చిన లెక్క చెప్పమన్నారు. ఒక గొట్టం తొట్టెను ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకోటి మూడు గంటల్లో, రెండూ విప్పితే ఎంతసేపని అడిగారు, రెండు గంటలని చెప్పాను అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. కళ్ల చివర నీళ్లు కారాయి. మణిమాల కోసం ఏడ్చారు. నిజంగా ఒక పిల్ల పోయినట్టే ఏడ్చారు.

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

"ఆ పిల్ల కోసం ఏడుత్తన్నారు, బాగుందండి. మూడో రోజున మీరు గుడ్డెట్టి తుడుసుకున్నది ఈ ఏళ్లనేనండి. ఏడు వారాల నుంచీ మీ నరం ఎతుకుతున్నదీ ఈ ఏళ్లే. అప్పుడు అంటని రంగు ఇప్పుడేటి అంటుతాదండి?"

 నా మాటలు విని ఎవరో విశ్రాంతి గదికి వెళ్లి లేపితే గంగరాజు నిద్రమొహంతో పరుగెత్తుకొచ్చాడు. పరిస్థితి చూశాడు. ఏమీ అడగకుండా తన పట్టీ కూడా ఆపేశాడు. మాస్టారు ఆ మీసాన్ని కాసేపు పరిశీలించారు.

"ఆ గురక నీదా?" అన్నారు.

అవునండి అన్నాడు గంగరాజు, తల దించుకుని.

మాస్టారు ఊపిరి కూడదీసుకుని నోటుపుస్తకం అందుకున్నారు.  పట్టిక మధ్యలో నిలువుగా ఒక గీత గీశారు.

"ఆ పిల్ల లేకపోతే లేదు," అన్నారు. "ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు చేసినవేగా. పేర్లు చెప్పండి."

ఎడమ వరస మీద సూరీడమ్మ అని రాశారు. కుడి వరస మీద గంగరాజు అని రాశారు. గంటలు విడగొట్టారు, పన్నెండూ పన్నెండూ వచ్చాయి. తప్పు జవాబులన్నీ ఒకే వరసలోకి పోవడం చూసి ఆయన ముఖం తేటపడింది. లెక్క తేలింది కదా. భోజనానికి ఎంతసేపు ఇస్తారని నన్నడిగారు. పావుగంట అన్నాను. అది కూడా రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.

తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపారు.

నేను నరం వెతుకుతుంటే ఆయన గోడతోనే మాట్లాడారు. "నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతోంది. అబద్ధం చెప్పను."

ఒళ్లు బిగబట్టకండి, నరం దొరకదు అన్నాను.

73వ రోజు

మీరూ సూపరింటెండెంటు గారూ గది తలుపు వేసుకుని గంటసేపు వాదించుకున్నారు. నేను బయట బెంచీ మీద కూర్చుని సగమే విన్నాను, మిగతా సగం మీ ముఖం చూసి ఊహించుకున్నాను. సంతకం పెట్టిన కాగితం ప్రకారం నేను నిన్ననే దిగిపోవాలని ఆయనన్నారు. దిగిపోయి ఉంటే ఐదో మంచం ఈ రోజు ఖాళీగా ఉండేదని మీరన్నారు. పైగా అదే సమయానికి మాస్టారి దగ్గర్నుంచి ఇంకో నాలుగు పేజీలు వచ్చాయి. ఈసారి ఫిర్యాదు రెండు విషయాల మీద. ఒకటి, తనకు తప్పుడు లెక్క చూపించారని. రెండు, పన్నెండు గంటలు పనిచేసే మనిషికి పావుగంట భోజనం చాలదని. మణిమాలకు వచ్చిన ముప్ఫై ఒక్క మెచ్చుకోళ్లను గంటల ప్రకారం ఇద్దరికీ పంచాలని చివర్లో ఒక పట్టిక కూడా వేశారు. ముప్ఫై ఒకటి రెండుగా సమంగా తెగక అర కూడా రాశారు.

పంచడం కుదరదన్నారు సూపరింటెండెంటు గారు. చేత్తో పేరు రాస్తేనే చెల్లుతుందట.

చివరికి మీరు బయటికొచ్చి తీర్పు చెప్పారు. నా డెబ్భై మూడు రోజులూ కొట్టేశారు. రేపటి నుంచి మళ్లీ ఒకటో రోజు. తొంభై రోజులు, ఐదు పేర్లు, పట్టీ లేకుండా. గంగరాజు కూడా పట్టీ తీసేస్తానని రాసిచ్చాడట. సంతోషమా అని అడిగారు. భయంగా ఉందని చెప్పాను. మణిమాల వెనక దాక్కోవడం అలవాటైపోయింది, అది కూడా నిజమే. అయినా చీటీ మీద నాకు ఆశ చావలేదు.

1వ రోజు

పట్టీ లేకుండా వార్డులోకి వెళ్లాను. పదకొండు మంచాలు. ఆరుగురు మార్పిడి గంట నొక్కారు. మీకు ఇవాళ పరుగులే సరిపోయాయి, నాకు తెలుసు. ఒకాయన, మణిమాలను చంపేసి వచ్చావా అన్నాడు. అది కొత్త తిట్టు, ఇడ్లీలు నాకే వచ్చాయి, రెండూ తిన్నాను. భోజనానికి అరగంట ఇచ్చారు కాబట్టి నింపాదిగా తిన్నాను. రెండో మంచం బామ్మగారు రంగు పోతుందేమో చూడొచ్చా అని అడిగి, నా చెయ్యి తీసుకుని చీర కొంగుతో చాలాసేపు రుద్దారు. పోలేదమ్మా అని తేల్చి, అదే చేత్తో మందు తాగారు.

ఐదో మంచానికి ఇవాళ యంత్రం రోజు.  మాస్టారు గంట వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. ముఖం గోడకు తిప్పుకుని చెయ్యి చాపారు. నేను దూది తడిపాను, నరం మీద వేలు పెట్టాను. ఆయన ఒళ్లు ఒక్కసారి ముడుచుకుంది. తర్వాత ఆయనే ఊపిరి వదిలి, ఒళ్లు సడలించారు.

"సూరీడమ్మా," అన్నారు. "మొన్న గుచ్చిన చోట ఇంకా నొప్పిగా ఉంది. కాస్త పైన చూడు."

ఈ వార్డులో ఒక రోగి నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. మెచ్చుకోలేదు, పని చెప్పారు, అంతే. నాకు కన్నీళ్లు వచ్చాయి. మొన్నటి చోటుకు రెండు వేళ్లు పైన నరం దొరికింది. అక్కడే సూది పెట్టాను.